ఊదా పటిక

నా నోరు మంచిది కాదని గవర్నర్‌పేటలో చాలామందికి తెలుసు. పద్దెనిమిదేళ్ళు ఫోటో స్టూడియో కౌంటర్లో కూర్చున్నదాన్ని. "మా అమ్మాయి ఇంత నలుపు కాదండీ" అని కొట్లాటకొచ్చిన తల్లులకి "అయితే మీ అమ్మాయిని కన్నది నేనా అండీ?" అని జవాబిచ్చినదాన్ని. అట్లాంటి నేను ఒకే ఒక్క మనిషి దగ్గర ఒకే ఒక్క మాట పదేళ్ళు మింగి కూర్చున్నాను. ఆ మనిషి మదార్ సాహెబ్ గారు. మా స్టూడియోలో డార్క్‌రూమ్ ఆయనది.

యజమాని సంజీవరావు గారు ముందు గదిలో ఫోటోలు తీసేవారు. వెనక చీకటిగదిలో మదార్ సాహెబ్ గారు ఫిల్ములు కడిగి ప్రింట్లు వేసేవారు. మధ్యలో నేను, రామతులసిని, కౌంటర్ చూసుకుంటూ నెగెటివ్‌లు దిద్దేదాన్ని. ఇప్పటివాళ్ళకి నెగెటివ్ అంటే చెప్పాలి. అందులో అంతా తలకిందులు. జుట్టు తెల్లగా, మొహం నల్లగా ఉంటుంది. ఫిల్ము మీద దుమ్ము పడ్డచోట సూదిమొనంత తెల్ల బెజ్జం మిగులుతుంది. కాగితం మీదికొచ్చేసరికి అది నల్లచుక్కయి కూర్చుంటుంది. సన్నకుంచెతో, నల్లరంగుతో ఆ బెజ్జాలు పూడ్చడం నా పని. రోజుకి వంద పైన పూడ్చేదాన్ని. పూడ్చీ పూడ్చీ, తెల్లచుక్క కనపడితే చాలు, నాతో చెప్పకుండానే నా చెయ్యి వెళ్ళిపోయేది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

మదార్ సాహెబ్ గారు బక్కపల్చటి మనిషి. తెల్లచొక్కా, చేతుల చివర మందుల మరకలు. పొద్దున పదింటికి నల్లతెర ఎత్తి లోపలికి వెళ్తే మధ్యాహ్నం నమాజుకి బయటికొచ్చేవారు, మళ్ళీ లోపలికి. మా ఇద్దరికీ మధ్య ఆ తెరే. ఇవతల నుంచి నేను మాట్లాడుతూ ఉండేదాన్ని: పక్కింటివాళ్ళ కుళాయి గొడవ, మా అమ్మ మోకాళ్ళ నొప్పులు, ఆ రోజు వచ్చిన పెళ్ళికొడుకు బుర్రమీసాలు. అవతల నుంచి "ఊఁ" అని వినపడేది. ఒక్కోసారి "ఆఁ?" అని. అంతే. నేను నోరు మూసుకుని కూర్చున్న రోజున మాత్రం తెర కొంచెం పక్కకి జరిగేది. "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని అడిగేవారు.

ఒకసారి అన్నారు, "నాకు మనుషులు నెగెటివ్‌లోనే గుర్తుంటారమ్మా. బజార్లో ఎదురుపడితే పోల్చుకోలేను. వాళ్ళు సలాం చేస్తారు, నేను ఎవరో అనుకుంటాను." నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక మా బెజవాడ ఎండల సంగతి. ఫిల్ము మీద బొమ్మ పట్టేది ఒక జిగురు పొర. ఎముకల్ని, తోళ్ళని ఉడకబెట్టి తీసిన జిగురది. చల్లటి ఊళ్ళలో దానికేం కాదు. మేనెల వచ్చి, కాలవలు కట్టేసి, డాబా మీద ట్యాంకులో నీళ్ళు సలసల కాగే చోట మాత్రం ఆ పొర ఉబ్బి, మెత్తబడి, ఫిల్ము మీంచి జారిపోతుంది. మొహాలకి మొహాలే జారిపోతాయి. దానికి మందు క్రోమ్ ఆలం అనే పటిక. నీళ్ళు తేర్చే తెల్ల పటిక కాదు, నేరేడుపండు రంగులో పలుకులుగా ఉంటుంది. మేం ఊదా పటిక అనేవాళ్ళం. బొమ్మ తేల్చే మొదటి మందులోంచి తీసిన ఫిల్ముని ఆ నీళ్ళలో మూడు నిమిషాలు ఉంచితే పొర గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఎండయినా బెదరదు.

"పటిక తగిలితే జిగురెందుకు గట్టిపడుతుందండీ?" అని మా దగ్గర ఫోటోలు దిగే కెమిస్ట్రీ లెక్చరర్ ఏసుపాదం గారిని అడిగాను. ఆయన కౌంటర్ మీద వేలితో గీతలు గీసి చెప్పారు. "జిగురంటే పొడుగాటి పోగులమ్మా. దేనికదే విడిగా ఉంటాయి, అందుకే నీళ్ళు దూరితే జారతాయి. ఆ పోగులకి అక్కడక్కడా ఒకరకం విద్యుత్తు అంటుకుని ఉంటుంది. పటికలో ఉన్న లోహానికి దాని ఎదురు విద్యుత్తు. అది ఒక చేత్తో ఈ పోగునీ, ఇంకో చేత్తో ఆ పోగునీ పట్టుకుంటుంది. అట్లా పట్టుకున్నాక ఒకటి జారబోతే రెండోది ఆపుతుంది." తెర అవతల నుంచి "ఊఁ" అని వినపడింది.

పటిక కలపడంలో మదార్ సాహెబ్ గారిది మహా చాదస్తం. మట్టికుండలో చల్లార్చిన నీళ్ళే పొయ్యాలి. గాజుకడ్డీతో అరగంట తిప్పాలి. ఆ పైన గ్లాసుడు తీసుకుని పెరట్లోకి వెళ్ళి ఎండకి ఎత్తి చూసేవారు. రోజూ అదే తంతు. "దిష్టి తీస్తున్నారా సాయిబు గారూ?" అని వేళాకోళం చేసేదాన్ని. రంగు చూస్తున్నారని ఆయనా చెప్పలేదు, ఎందుకని నేనూ అడగలేదు.

ఆయన ఇల్లు వించిపేటలో. రెండు గదులు, ఆయనా, భార్య సుగ్రా గారూ. పిల్లల్లేరు. ఆవిడ మంగళగిరి గుడ్డతో లంగాలు కుట్టి ఇచ్చేవారు. నేనావిడని రెండుసార్లు చూశాను, చూశానంటే బురఖానే చూశాను. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ ఫోటోలు ఈయన చేతుల మీదుగా పోయాయి గానీ ఇంట్లో పెళ్ళాం ఫోటో ఒక్కటి లేదు. ఆవిడ దిగరు. నా మొహం పరాయివాళ్ళ చేతుల్లో తిరగకూడదు అనేవారట. ఓటు కార్డు ఫోటోకి కూడా వెళ్ళలేదు.

తొంభయ్యారు మేనెలలో ఆవిడకి కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ తప్పదన్నారు. ఆ ఆదివారం పొద్దున ఆవిడే అడిగారట. "ఒక ఫోటో తియ్యండి. మీరే తియ్యాలి, మీరే కడగాలి. ఇంకో మగాడి కన్ను పడకూడదు." "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు?" అని ఈయనంటే, "మీకు మనుషులు గుర్తుండరుగా. నేను పోయాక నన్ను కూడా తెల్లజుట్టుతో, నల్లమొహంతో తలుచుకుంటారేమోనని" అని నవ్వారట. ఈయన స్టూడియో కెమెరా తీసుకెళ్ళి, ఇంటి వాకిట్లో పన్నెండు ఫోటోలు తీశారు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి ఆవిడని ఆసుపత్రిలో చేర్చాలి. ఈలోగా రీలు కడిగి, ఆవిడకి చూపించి మరీ చేరుద్దామని ఈయన పదింటికే వచ్చారు. ఆ రోజు పరీక్షల దరఖాస్తులకి ఫోటోలు కావాలని పిల్లలు మెట్ల దాకా నిలబడ్డారు. "తులసమ్మ గారూ, కాస్త పటిక కలిపి పెడతారా? చల్లనీళ్ళలో" అని ఆయన లోపలికెళ్ళారు.

అరగంట ఎవరు తిప్పుతారండీ? ఒకపక్క పిల్లలు అరుస్తున్నారు. టీ కాచుకునే స్టవ్వుంది, గిన్నె ఉంది. నీళ్ళు మరగబెట్టి పలుకులు పోశాను. రెండు నిమిషాల్లో కరిగిపోయాయి. పక్క సోడాకొట్లోంచి ఐసుముక్క తెచ్చి సీసాచుట్టూ పెట్టి చల్లార్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. సీసా ముదురు గోధుమరంగుది, లోపల ఏముందో కనపడదు. తెర కిందనుంచి అందించాను. "అప్పుడే కలిసిందా?" అన్నారు. "నా చెయ్యి పడితే కలవదూ!" అన్నాను. గడియారం చూసుకున్నారు కాబోలు, ఆ ఒక్కరోజు గ్లాసు పట్టుకుని పెరట్లోకి రాలేదు.

 తర్వాత ఆయన ఫిల్ము చివర పట్టుకుని వెలుతుర్లోకి వచ్చారు. పాలమీద మీగడని చెంచాతో తోస్తే ఎట్లా ముడతలు పడుతుందో, అట్లా ఉంది పొర. పదకొండు ఫోటోలు జారి, ముద్దలై, చివరల్లో వేలాడుతున్నాయి. ఆ చివరాఖరుది ఒక్కటి మిగిలింది. అంచుల్లో ముడతలు, మధ్యలో మొహం.

"ఏమైందండీ?" అన్నాను.

"నీళ్ళు వేడెక్కాయేమోనమ్మా" అన్నారు. ఆ ఒక్కదాన్నీ నీడన ఆరగట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. బుధవారం ఆపరేషన్. శుక్రవారం సుగ్రా గారు పోయారు.

శనివారం డార్క్‌రూమ్ ఊడ్చడానికి వెళ్తే ట్రే అంచున పటిక ఆరిన మరక కనపడింది. ఆకుపచ్చగా ఉంది. సీసాలో మిగిలింది గ్లాసులో పోసి చూశాను. నేరేడు రంగు లేదు, పాచిరంగు.  ఏసుపాదం గారు వచ్చిన రోజున, ఎవరిదో అన్నట్టు ఆయనకి చూపించాను. "ఎవరమ్మా దీన్ని కాచింది?" అన్నారు ఆయన. "వేడి తగిలితే ఆ లోహం చేతులు పటికలోనే ఉన్న వేరేవాటిని పట్టేసుకుంటాయి. ఇంక జిగురుని పట్టుకోవడానికి ఖాళీ చెయ్యి ఉండదు. పారబొయ్యండి." తీసుకెళ్ళి మురిక్కాలవలో పోశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజు నుంచి చన్నీళ్ళలో అరగంటేం ఖర్మ, గంట తిప్పేదాన్ని. కానీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ఇంత నోరున్న దానికి!

నలభయ్యోరోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక ఆయన ఆ నెగెటివ్‌ని కాగితంలో చుట్టి తెచ్చారు. "మీరు ఆడమనిషి, మీరు చూస్తే తప్పులేదు. ముడతలు దిద్దుతారా అమ్మా?" అన్నారు. నేను నాలుగు రోజులు వేరే పని ముట్టుకోలేదు. పెన్సిల్ మొన గంటకోసారి చెక్కాను. ముడతలు కప్పాను. మొహం మీద, చీర మీద ఉన్న తెల్ల బెజ్జాలు ఒక్కటి వదలకుండా పూడ్చాను. నా జన్మలో అంత మంచి పని చెయ్యలేదు. నా తప్పు అందులో పూడిపోతుందనుకున్నాను, ఇంకేం లేదు.

ఆయనే ప్రింటు వేసుకున్నారు. లోపల చాలాసేపున్నారు. బయటికొచ్చి, "చాలా బాగుందమ్మా" అన్నారు. నెగెటివ్ మాత్రం నా చేతిలో పెట్టి, "ఈ పొర గట్టిపడలేదు. చెమ్మ తగిలితే ఇదీ పోతుంది. మీ దగ్గరే జాగ్రత్త చెయ్యండి" అన్నారు. గాజుసీసాలో బియ్యం పోసి, కాగితంలో చుట్టి అందులో పెట్టాను.

తర్వాత ఏముంది, కలర్ ల్యాబులొచ్చాయి. కంప్యూటర్లో మొటిమలు తీసేసే కుర్రాళ్ళొచ్చారు. మా అమ్మ పోయింది. రెండువేల నాలుగులో సంజీవరావు గారు డార్క్‌రూమ్‌కి తాళం వేశారు. నన్ను కౌంటర్లో ఉంచారు, మదార్ సాహెబ్ గారికి పని లేకుండా పోయింది. శుక్రవారం నాకు వారం సెలవు, ఆ మొదటి శుక్రవారం ఇంట్లో ఉన్నాను. జుమ్మా నమాజు చేసుకుని సత్యనారాయణపురంలో మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. "ఇటు పనుండి వచ్చానమ్మా" అన్నారు. ప్రతి శుక్రవారం ఇటే పనుండేది. నేను టీ ఇచ్చి మాట్లాడేదాన్ని, ఆయన ఊఁ కొట్టేవారు. ఆ గంట కోసం నేను గురువారం నుంచే మాటలు పోగేసుకునేదాన్ని. సిగ్గేముంది చెప్పడానికి? నాకు మాత్రం ఎవరున్నారు?

రెండువేల ఆరు శ్రావణంలో సుగ్రా గారి అక్క కూతురు మెహరాజ్ స్టూడియోకి ఫోటో దిగడానికి వచ్చింది. పిన్నిని ఖాలా, బాబాయిని ఖాలూ అంటారు వాళ్ళు. మాటల్లో అంది, "ఖాలా ఫోటో మీరే దిద్దారంట కదండీ. అచ్చం మా ఖాలాయే. పుట్టుమచ్చే లేదు. ఎందుకు లేదని ఖాలూని అడిగితే ఊరుకోమన్నారు."

"ఏం పుట్టుమచ్చ?"

"ఇదిగో, ఇక్కడ" అని ఎడమ చెంప మీద వేలు పెట్టింది.

ఇంటికి పరిగెత్తి బియ్యం సీసా బోర్లించాను. నెగెటివ్‌ని కిటికీకి ఎత్తాను. ఎడమ చెంప మీద, నేను కుంచెతో పెట్టిన నల్లరంగు, గుండ్రంగా, ముచ్చటగా. అది దుమ్ముబెజ్జం కాదు. నల్లటి పుట్టుమచ్చ నెగెటివ్‌లో తెల్లగా కాక ఇంకెట్లా ఉంటుంది? ఆవిడ మొహం ఎన్నడూ చూడనిదాన్ని, తెల్లచుక్క కనపడగానే పూడ్చేశాను. ఒకసారి జార్చి, రెండోసారి పూడ్చి. అయ్యో, నా చేతులు విరగ!

శుక్రవారం ఆయన వచ్చి కూర్చోగానే, టీ కూడా ఇవ్వకుండా అడిగాను. "ఆవిడకి పుట్టుమచ్చ ఉందా?"

"మెహరాజ్ చెప్పిందా?"

"ఉందా లేదా?"

"ఉంది."

"నేను పూడ్చేశానని మీకెప్పుడు తెలిసింది?"

"ప్రింటు తేలినప్పుడే."

"పదేళ్ళు! పదేళ్ళు నోట్లో బెల్లం ముక్క పెట్టుకు కూర్చున్నారా సాయిబు గారూ?" అని అరిచాను. పక్కవాటా వాళ్ళు తొంగిచూశారు. చూస్తే చూడనీ. "అయితే ఇదీ వినండి. ఆ రోజు పటిక నేను కాచాను. మరగకాచాను. మీరు చల్లనీళ్ళలో అన్నా వినకుండా కాచాను."

"తెలుసమ్మా" అన్నారు ఆయన. "ఆసుపత్రిలో చూసుకున్నాను. చొక్కా చెయ్యి మీద మరక ఆకుపచ్చగా ఆరింది. ముప్పయ్యేళ్ళు గ్లాసు ఎత్తి చూసినవాణ్ణి, ఆ రోజు చూడకపోవడం నా తప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. "నన్నొక్క తిట్టు తిట్టి ఉండొచ్చు కదండీ!"

ఆయన గుమ్మంకేసి చూశారు. "తిడితే మీరు స్టూడియో మానేసేవాళ్ళు. మీ సంగతి నాకు తెలీదా? అప్పటికి సుగ్రా లేదు. మీరూ పోతే తెర అవతల ఇంకెవరమ్మా మాట్లాడేది?"

నేను లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. "ఆ రంగు నీళ్ళకి కరిగేదే. కడిగేస్తే పోతుంది" అన్నాను.

"దాంతోపాటు పొరా పోతుంది" అన్నారు. అని, ఆయనే ఆగారు. "ముందు పటికలో వేస్తే..."

"ఇన్నేళ్ళు ఆరిపోయినదాన్ని గట్టిపరచొచ్చా?"

"పరచొచ్చు. నీళ్ళు చల్లగా ఉండాలి. పట్టుకునేదాకా కదపకూడదు. పట్టకపోతే మాత్రం ఇంక ఏమీ మిగలదు."

 ఉన్నదల్లా ఆ ఒక్క ముక్క. వద్దనేస్తారనే అనుకున్నాను. "ఆమె మొహం నాకిప్పుడు ఆ ప్రింటులో ఉన్నట్టే గుర్తొస్తోందమ్మా, మచ్చ లేకుండా. అదే భయంగా ఉంది" అన్నారు. "చేద్దాం."

సంజీవరావు గారు తాళం ఇచ్చారు. ఆదివారం పొద్దున, ముసురు పట్టి చల్లగా ఉంది. పటిక డబ్బా అడుగున మిగిలిన ఊదా పలుకులు కుండనీళ్ళలో పోసి నేనే తిప్పాను. నలభై నిమిషాలు తిప్పాను. ఆయన కళ్ళకి అప్పటికే శుక్లాలు. గ్లాసు పెరట్లోకి తీసుకెళ్ళి ఎత్తి పట్టుకుని, "రంగు చెప్పండమ్మా" అన్నారు.

"నేరేడుపండు."

"సరిగ్గా చూడండి."

"నేరేడుపండేనండీ. ఒట్టు."

అయినా తన కంటికి ఆనించుకుని చూసుకున్నాకే లోపలికి నడిచారు. నెగెటివ్ నీళ్ళలోకి జారింది. ఆ నిమిషాలు నేను మాట్లాడలేదు. ఆయన "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అనలేదు. తర్వాత వేలి చివరతో పొర అంచుని తాకి చూశారు. జారలేదు. చల్లనీళ్ళలో వేసి దూదితో ఆ చుక్కని అద్దాను. నల్లరంగు పొగలాగా నీళ్ళలో కలిసింది. పొర ఎక్కడిదక్కడే ఉంది. చెంప మీద తెల్లటి బెజ్జం తెరుచుకుంది.

పాత డబ్బాలో అడుగున ఉన్న కాగితంతో ఆయనే ప్రింటు వేశారు. ఎర్రదీపం కింద, మందులో, మొట్టమొదట జుట్టు తేలింది. ఆ తర్వాత కళ్ళు, కళ్ళతోపాటే ఎడమ చెంప మీద ఆ చుక్క. ఆయన ట్రే మీదికి వంగి, "వచ్చావా?" అన్నారు. నాతో కాదు.

ఆ శుక్రవారం ఆయన రాలేదు. వాన కదా అనుకున్నాను. మళ్ళీ శుక్రవారం ఎండ కాసింది, అయినా రాలేదు. నాకు కోపం వచ్చింది, ఆపైన ఒంట్లో ఏమైందోనని భయం వేసింది. మూడో శుక్రవారం ఆటో ఎక్కి వించిపేట వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి నుంచి ఆయన గొంతు. ఊఁ అనడం తప్ప తెలీని మనిషి, గడగడా మాట్లాడుతున్నారు. వాళ్ళ భాషలో, ఆపకుండా, మధ్యలో నవ్వుతూ. రెండో గొంతు లేదు, తలుపు సందులోంచి ఆయన ఎదురుగా ఆ ఫోటో ఒక్కటే కనపడింది. నా పేరు కూడా ఒకసారి వినపడింది. ఏమన్నారో అర్థం కాలేదు.

తలుపు తడదామని ఎత్తిన చెయ్యి దించేసుకుని వచ్చేశాను. శుక్రవారం ఇప్పటికీ రెండు గ్లాసుల టీ పెడతాను. ఒకటి చల్లారిపోతుంది. అదీ నేనే తాగుతాను.